ఎనిమిది గడపల లైను

జహేదా పాత ఇల్లు కొనాలనుకుంటే మొదట ఆ ఇంటి ఓనరు దగ్గరికి పోదు. అందులో కిరాయికున్న ఆడవాళ్ల దగ్గరికి పోతుంది. వాకిట్లో కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, వానొస్తే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, బాత్రూం పైపు ఎన్నాళ్లకోసారి జామవుతుంది, ఎండాకాలంలో బోరు ఏ వేళకు ఆగిపోతుంది అని మెల్లగా కూపీ లాగుతుంది. ఓనర్లు గోడలకు సున్నం కొట్టించి చూపిస్తారు. కిరాయికున్నవాళ్లకు దాచుకోవలసిన అవసరం ఏముంది? ఆ సున్నం కింద చెమ్మ ఎంత ఎత్తుకు పాకిందో వేలు పెట్టి మరీ చూపిస్తారు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఉన్న బ్రోకర్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆమె వస్తోందంటే కిరాయిదార్లకు ముందే నాలుగు మంచి మాటలు నేర్పిపెట్టే ఘనులు కూడా ఉన్నారు. దానివల్ల వాళ్లకు ఒరిగిందేమీ లేదు. నేర్పిన మాట రెండో గ్లాసు నీళ్ల దగ్గరే తేలిపోయేది.

ఆమె పుట్టింది దేవరయాంజాల్‌లో, ఆకుకూరలు పండించి అమ్ముకునే ఇంట్లో. మెట్టినిల్లు అంటూ పెద్దగా లేదు. భర్త షౌకత్‌ది వింత వ్యాపారం. కూలగొట్టే ఇళ్లకు పోయి తలుపులు, కిటికీలు, ఇనుప గ్రిల్లులు కొనుక్కొచ్చి, సుచిత్ర చౌరస్తా దాటాక మేడ్చల్ రోడ్డు పక్కన ఒక ఖాళీ జాగాలో నిలబెట్టి అమ్ముతాడు. పెళ్లయిన కొత్తలో జహేదా ఆ తలుపుల మధ్యే కూర్చుని బేరాలు చూసుకునేది. పదేళ్లు పోయేసరికి, ఊడదీసిన తలుపును చూసి ఆ ఇల్లు దేనివల్ల కూలిందో చెప్పగలిగే స్థితికి వచ్చింది. చెదలా, చెమ్మా, అన్నదమ్ముల తగాదానా అని. అన్నదమ్ముల తగాదాలో కూలిన ఇంటి తలుపులే గట్టివని ఆమె అంటే కొనడానికి వచ్చినవాళ్లు నవ్వేవారు. నవ్వుతూనే కొనుక్కుపోయేవారు.

అప్పట్లో వాళ్లిద్దరూ సుచిత్ర దగ్గర ఒక కిరాయి గదిలో ఉండేవారు. కూతురు అర్షియా నెలల పిల్ల. ఒకరోజు ఓనరు వచ్చి, గదికి రంగులు వేయించుకుంటాం, రెండు నెలలు ఎక్కడైనా ఉండి రండి అన్నాడు. సరేనని పుట్టింటికి పోయి, చెప్పిన రోజుకు సామానంతా ట్రాలీ ఆటోలో వేసుకుని తిరిగొస్తే, ఆ గది ముందు తీగ మీద ఎవరివో బట్టలు ఆరుతున్నాయి. ఎక్కువ కిరాయి ఇచ్చేవాళ్లు దొరికారన్నమాట. జహేదా తిట్టలేదు, ఏడవలేదు. చంకలో పిల్లతో ఆ పెద్దమనిషి ముందు నిలబడి ఒక్క మాట అడిగింది.

“ఇయ్యనని ముందే జెప్తే మేం వేరే జాగ జూసుకుందుము గదా.”

ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు. అది తలుచుకుంటే జహేదాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటలోంచే ఆమె పద్ధతి పుట్టింది. పాడుబడిన ఇల్లు కొంటుంది, బాగు చేయిస్తుంది, కిరాయికిస్తుంది. కానీ కొన్ననాడు ఆ ఇంట్లో ఎవరుంటే, బాగు చేశాక మళ్లీ వాళ్లే ఉండాలి. కిరాయి కొంచెం పెంచుతుంది, అది వేరే సంగతి. మేడ్చల్ స్టేషన్ దగ్గర కొన్న మొదటి ఇంటికీ, ఆ తర్వాత కొన్న రెండో ఇంటికీ ఇదే జరిగింది. ఇదేదో దానధర్మమని ఎవరైనా పొగిడితే ఆమెకు చిరాకు. ఇంటి లోటుపాట్లు తెలిసినవాళ్లే ఇంటిని సరిగ్గా చూసుకుంటారు, లెక్క అంతే అంటుంది. లెక్క అంతే కాదని షౌకత్‌కు తెలుసు.

మూడోది కుత్బుల్లాపూర్‌లో, ఫ్యాక్టరీ కూలీల వాడలో ఉన్న ఎనిమిది గదుల లైను. జోగారావుగారని కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దాయన ఎప్పుడో కట్టించారు. ఒకే వరసలో ఎనిమిది గదులు, పైన సిమెంటు రేకులు, ముందు ఇరుకు వాకిలి, చివర రెండు బాత్రూములు. వానాకాలం ఆ బాత్రూముల నీళ్లు వాకిట్లోకి ఎదురొచ్చేవి. రిపేర్ల మాట ఎత్తితే జోగారావుగారు నీళ్లు నమిలేవారు. చివరికి విసిగిపోయి, అమ్మేసి అపార్టుమెంటులో కడుపులో చల్ల కదలకుండా ఉందామనుకున్నారు.

గేటు పక్కన మొదటి గది దుర్గాబాయిది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే ఉంటోంది. ఒంటరి మగవాళ్లకు, ఫ్యాక్టరీ షిఫ్టుల వాళ్లకు వంట చేసి క్యారియర్లు పంపిస్తుంది. జహేదా అలవాటు ప్రకారం ఆమె వాకిట్లోనే కూర్చుని నీళ్లడిగింది. దుర్గాబాయి నీళ్లిచ్చింది, ఇంటి రోగాలన్నీ చెప్పింది, చెప్పి చెప్పి ఆగి, అసలు మాట అడిగింది.

“నువ్వు కొంటే మమ్మల్ని ఎల్లగొడ్తవా?”

“కొన్నాళ్లు బయట ఉండుండ్రి అక్కా. పని అయినంక ఎవరి రూముల వాళ్లే ఉంటరు. ఇది నా జబాన్.”

జబాన్ అంటే మాట. ఆ వాడలో ఆ ముక్క అందరికీ తెలుసు. దుర్గాబాయి మిగతా ఏడు ఇళ్ల వాళ్లకూ చెప్పింది. వాళ్లూ సరేనని సామాన్లు కట్టుకుని, వెనక వీధుల్లో ఎక్కడ దొరికిన గదిలో అక్కడ సర్దుకున్నారు. జహేదా మేడ్చల్ ఇల్లు అమ్మింది, బంగారం బ్యాంకులో కుదువపెట్టింది, నెలనెలా కట్టే వాయిదా నెత్తినేసుకుంది, లైను కొనేసింది.

పాత ఇంటి పని సంగతి చెయ్యించినవాళ్లకే తెలుస్తుంది. ఒక ఇటుక తీస్తే పక్కనున్న పది ఇటుకలు కదిలాయి. రేకులు తీసి స్లాబు వేద్దామంటే పాత గోడలు బరువు మొయ్యవని తేలింది, పిల్లర్లు లేపాల్సి వచ్చింది. బోరు ఎండిపోయింది, ఇంకా లోతుకు వేయించారు. మేస్త్రీ తమ్ముడి పెళ్లని ఊరికి పోయి, పెళ్లి అయ్యాక కూడా చాలా రోజులు పెళ్లిలోనే ఉండిపోయాడు. రెండు నెలలనుకున్న పని నాలుగు నెలలకు సాగి, జహేదాకు తలప్రాణం తోకకు వచ్చింది.

ఒక్క తలుపుల దగ్గర మాత్రం ఆమె ఖర్చు పెట్టనివ్వలేదు. వడ్రంగి వెంకటనర్సయ్య పాత చౌకట్లు, అంటే ద్వారబంధాలు, గడపలతో సహా పారేసి, కొత్తవి దింపుదామన్నాడు. ఇప్పుడు గడపలు ఎవరు పెట్టిస్తున్నారు, కింద ఒక రాతిపట్టీ వేస్తే చాలు కదా అన్నాడు. జహేదా ఒప్పుకోలేదు. అంతా పాత టేకు, ఇప్పుడు కొందామన్నా దొరకదు. ఊడదీసేటప్పుడే ఏ గది చౌకట్‌కు ఆ గది నంబరు వెనకవైపు సుద్దతో వేయించింది, ఏ సందుకు ఆ చౌకట్టే సరిగ్గా కుదురుతుందని. మొదటి గది గడపను మాత్రం వెంకటనర్సయ్య ఎంత చిత్రిక పట్టినా పసుపుపచ్చ రంగు పోలేదు. కర్రలోకి దిగిపోయి ఉంది. ఇంకా లోతుగా చెక్కుతానన్నాడు. గడప పలచబడుతుంది, రంగు ఉంటే ఉండనీ, బిగించెయ్ అంది జహేదా.

ఇంకొన్ని రోజుల్లో ఆషాఢం అనగా, ఒక గురువారం పొద్దున దుర్గాబాయి, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. దుర్గాబాయి చేతిలో కొత్త గిన్నె, పాల ప్యాకెట్లు, దేవుడి పటం. అదే సమయానికి హేమచంద్ అనే లేబర్ కాంట్రాక్టరు కూడా వచ్చి, బండి వాకిట్లో పెట్టి, ఈ గదులు కిరాయికిస్తారా అని అడుగుతున్నాడు. వీటికి మనుషులున్నారని జహేదా అప్పటికే చెప్పేసింది. ఆయనకు ఛాయ్ పొయ్యడం ఒక్కటే మిగిలింది.

గదుల్లో బండలు పరిచింది ముందురోజే. కింద సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, అడుగుపడితే కదులుతాయి. పైగా సగం పని అయిన ఇంటిని జహేదా ఎవరికీ చూపించదు, అదొక పట్టింపు. గేటు దగ్గరే ఆపి, ఇంకా పని ఉంది, అయ్యాక నేనే పిలుస్తానని పంపించేసింది. కొత్త ఇంట్లో పాలు పొంగిస్తారని ఆమెకు తెలియక కాదు. ఆ పాలు ఆ వారంలో పొంగకపోతే మరి చాలా రోజులు పొంగవన్నది ఆమె తలకెక్కలేదు. ఆ నలుగురూ వాకిట్లో ఉన్న బండిని చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మొహాలు చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగారు. జహేదా చూపంతా బండల మీదే ఉంది.

పని పూర్తయింది. ఎనిమిది గదులూ చక్కగా తయారయ్యాయి. జహేదా అందరికీ ఫోన్లు చేసింది. ఆషాఢం వచ్చేసింది కదా, చూద్దాం అన్నారు. ఒక నెలే కదా, ఆగుదాం అనుకుంది. మూడో గది యాదగిరి అసలు సంగతి చెప్పాడు. ఆషాఢం పోగానే అధిక శ్రావణం వస్తుంది, అందులోనూ ఇల్లు మారకూడదు, అసలు శ్రావణం వచ్చినంకనే ఏదైనా. జహేదా గోడకున్న క్యాలెండర్‌లో మొహర్రం ఎప్పుడో చూసుకుంది, బక్రీదు ఎప్పుడో చూసుకుంది. మూడేళ్లకోసారి వచ్చే అధిక మాసాన్ని ఆమె ఎందుకు చూస్తుంది? ఒక నెల ఖాళీ రెండు నెలలైంది. వాయిదా మాత్రం అధికాలు, శూన్యాలు చూసుకోదు, తేదీ తప్పకుండా వస్తుంది.

ఇది తెలిసినట్టు హేమచంద్ మళ్లీ వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. దూరం నుంచి వచ్చిన మనుషుల్ని ఎక్కడో ఒకచోట పడుకోబెట్టాలి, వాళ్లకు ఈ మాసాల పట్టింపు లేదు. ఎనిమిది గదులూ రేపటి నుంచే తీసుకుంటానన్నాడు. అడిగినంత కిరాయి, ఆరు నెలలది ముందే చేతిలో పెడతానన్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర షౌకత్ ఈ మాట ఎత్తాడు. వాళ్లింట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. వాళ్లు రామన్నాక నువ్వు మాట తప్పినట్టెలా అవుతుందని ఆయన వాదన. అది సబబుగానే ఉంది. బ్యాంకులో ఉన్న బంగారం పోతే మళ్లీ రాదు, లైనే పోతే మూడు ఇళ్ల కష్టం మట్టిలో కలుస్తుంది. జహేదా తల ఎత్తి, వాళ్లు రామనలేదు, ఇప్పుడు రామన్నారు, ఆ రెండూ ఒకటి కాదు అంది. తెల్లారి హేమచంద్‌కు ఫోన్ చేసి కుదరదని చెప్పేసింది. చెప్పాక భయమేసింది. ఆ భయంతోనే చెప్పులేసుకుని దుర్గాబాయి ఉంటున్న సందుకు బయలుదేరింది.

దుర్గాబాయి చీకటి గదిలో కూరగాయలు తరుగుతోంది. కూర్చోమనలేదు. నీళ్లు కూడా ఇవ్వలేదు. ఎప్పుడొస్తారని జహేదా అడిగితే, కత్తిపీట మీంచి తల ఎత్తకుండా జవాబు చెప్పింది.

“ఆ దినం పాలు పట్కొని వస్తే గేటు కాడ్నే నిలవెట్టినవు. ఆషాడానికి ముందు పాలు పొంగిచ్చి పటం వెట్టుకుంటే, ఇగ తర్వాత సామాను ఎన్నడు తెచ్చుకున్నా ఫికరు లేదు. అందుకే వస్తిమి. లోపల ఆ కాంట్రాక్టరు బండి ఉండె. మాకు అర్థం గాదా? ఇయ్యనని ముందే జెప్తే మేం వేరే జాగ జూసుకుందుము గదా, జహేదా.”

జహేదా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తన నోటి మాటే అది, అక్షరం పొల్లుపోకుండా. ఇన్నేళ్లూ ఆ మాట అడిగినది తానేననుకుంది. ఇప్పుడు అడిగించుకున్నది తానే. సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది. ఆనాటి ఓనరు లాగా లోపలికి పోయి వేసుకోవడానికి ఇక్కడ తలుపు కూడా లేదు, ఇది దుర్గాబాయి గది.

“తప్పు నాదే అక్కా,” అంది. “బండలు కదుల్తయని సూసిన గని మీ చేతిల పాలు సూడలే. కాంట్రాక్టర్‌కు ఇయ్యనని చెప్పిన.” కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి, తరిగిన వంకాయ ముక్కల పక్కన పెట్టింది. “ఇది నీ రూముది. నీకు మంచిగనిపించిన దినమే రా. అప్పటిదాంక ఆ తాళం ఎవ్వరు తియ్యరు, నేను గూడ తియ్య. కిరాయి గూడ నువ్వు వచ్చిననాటి నుంచే.”

దుర్గాబాయి తాళంచెవిని ముట్టుకోలేదు, తిరిగివ్వనూ లేదు. జహేదా అక్కడి నుంచి కదిలి, వాన పడుతున్నా ఆగకుండా, మిగతా ఏడుగురి ఇళ్లు వెతుక్కుంటూ పోయింది. ప్రతి ఇంట్లోనూ అదే చెప్పింది, అదే ఇచ్చింది. ఇద్దరు మాత్రం తాళంచెవి తిరిగిచ్చారు. నమ్మకం పోయి వేరేచోట అడ్వాన్సులు ఇచ్చేసుకున్నారు. వాళ్ల ముందు ఆమె తల వంచుకుని వచ్చింది. ఇంటికొచ్చి జరిగింది చెబితే, షౌకత్ ఊఁ అని ఊరుకున్నాడు. కానీ ఆ వారంలోనే, ఎప్పటికైనా మన సొంతింటికి పెట్టుకుందామని ఏళ్లతరబడి ఎవరికీ అమ్మకుండా దాచుకున్న చెక్కుడు పని సింహద్వారం ఆయన జాగాలో కనిపించలేదు. ఆ నెల వాయిదా కట్టేశారు.

బోనాల డప్పులు వాడవాడలా మోగుతున్న రోజుల్లో, ఒక శుక్రవారం పొద్దున జహేదా లైను వాకిలి ఊడుస్తోంది. దుర్గాబాయి గేటు తోసుకుని వచ్చింది. చూసిపోవడానికే వచ్చాను, లోపల అడుగు పెట్టనని ముందే చెప్పింది. అలాగే అక్కా అంది జహేదా. దుర్గాబాయి తన గది ముందు ఆగి తాళం తీసింది. తలుపు లోపలికి నెట్టి, బయటే నిలబడి పైన స్లాబును చూసింది, కింద బండలను చూసింది. బాగుందని మొహంలోనే తెలుస్తోంది, పైకి మాత్రం అనడం లేదు. చూపు కిందికి దిగి గడప దగ్గర ఆగింది.

మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా వంగి, గడప మీద చెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరింది. పంతొమ్మిదేళ్లు ప్రతి శుక్రవారం తాను రాసిన పసుపు. చిత్రిక పట్టినా పోని పసుపు.

“ఇది నా కడపనే గదా,” అంది.

అవునంది జహేదా. మంచి టేకు అక్కా, పారేయబుద్ధి కాలేదు, రంగు పోలేదని నర్సయ్య ఇంకా చెక్కుతానంటే నేనే వద్దన్నానని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అందరివీ అంతేనా అని దుర్గాబాయి అడిగింది. అందరివీ అంతే, ఎవరి గడప వాళ్లదే, కావాలంటే వెనక సుద్ద నంబర్లు చూసుకోమంది జహేదా. ఆ గడపల సంగతి ఇంత పెద్దదని ఆమెకు ఇంకా అంతుబట్టలేదు.

దుర్గాబాయి కళ్లు తుడుచుకుంది. లేచినప్పుడు ఆమె గొంతు మారిపోయింది, క్యారియర్ల పిల్లల్ని అదిలించే గొంతు వచ్చేసింది.

“కడప మారలే. కడప మారకుంటే ఇల్లు మారనట్టే. నేను కొత్తింట్లకు వస్తలే జహేదా, బయటికి పోయి మల్ల నా ఇంట్లకు నేను వస్తున్న. నా ఇంటికి నేను వచ్చేదానికి ఆషాడమేంది, అధికమేంది?”

ఆ మాట మధ్యాహ్నానికల్లా వెనక వీధులన్నీ తిరిగింది. నాలుగు కుటుంబాలు ఆ ఆదివారమే సామాన్లు దింపాయి. యాదగిరి మాత్రం పంతులును అడిగిగానీ కదలనన్నాడు. పంతులు గడప పాతదేనా అని రెండుసార్లు అడిగి, అయితే దోషం లేదన్నాక, అందరికంటే ఎక్కువ హడావుడి చేసుకుంటూ వచ్చాడు. మిగిలిన ఆరో కుటుంబం శ్రావణం దాకా రామని పట్టుబట్టింది. వాళ్ల గదికి తాళం అలాగే ఉంచారు. ఖాళీ అయిన రెండు గదులను జహేదా తానే హేమచంద్‌కు ఫోన్ చేసి, ఆయన దగ్గర పనిచేసే పెళ్లయిన మనుషులకు ఇచ్చింది. ఇల్లు పూర్తిగా నిండలేదు. కానీ వాయిదాకు సరిపోయేటంత నిండింది, ఆమెకు రాత్రిళ్లు నిద్రపట్టేటంత నిండింది.

ఆ ఆదివారం దుర్గాబాయి అందరికంటే ముందు వచ్చింది. గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కుడికాలు లోపల పెట్టింది. కొత్త పొయ్యి మీద పాలగిన్నె ఎక్కింది. వాకిట్లో మంచాలు, బిందెలు, పిల్లలు, అరుపులు. జహేదా ఇవన్నీ చూస్తూ గేటు బయటే ఆగిపోయింది. వాళ్ల పండుగలో తాను అడ్డమెందుకని కొంత, ఆ రోజు ఇదే గేటు దగ్గర వాళ్లను ఆపిన సిగ్గు కొంత.

పాలు పొంగాయి. దుర్గాబాయి గ్లాసు నింపుకుని తలుపు దగ్గరికి వచ్చి, అటూ ఇటూ వెతికి చూసింది.

“గేటు కాడ నిలవడ్డవేంది జహేదా? లోపలికి రా.”

జహేదా చెప్పులు గేటు దగ్గరే విడిచి వాకిలి దాటింది. గడప మీద పసుపు ఇంకా తడిగానే ఉంది. కాలు తగలకుండా చీర కొంచెం ఎత్తి పట్టుకుని, గడప దాటి లోపలికి వెళ్లింది.